గోడ మీద అరచెయ్యి

మే 9

పెట్టె నంబరు 212. కట్టించుకునేది ఎస్తేరు, ఏడో గ్యాలరీ బడి టీచరు. కట్టేది చంద్రకళ, అంటే నేను. వేడి: ఇంకా తేలలేదు.

కంప్యూటర్ కట్టేవాళ్లు ప్రతి పెట్టెకూ ఇలా రోజువారీ రాయాలని మా బొగ్గు బాయి ఊరి నియమం. గనిలో పుట్టిన వేడికి బయటికి పోయే దారి లేదు మరి. వేడి ఆఫీసువాళ్లు వాట్లు రాసిన గడి చూసి ముద్ర వేస్తారు, మిగతా పేజీ ఎవరూ చదవరు. చదవరు కాబట్టే పదహారేళ్లుగా నా కోపాలన్నీ ఇందులో తీర్చుకుంటున్నాను.

ఎస్తేరు పొద్దున్నే దుకాణానికి వచ్చింది. నాకన్నా నాలుగేళ్లు చిన్నది, అయినా ఊరంతా టీచర్ అంటే నేనూ టీచర్ అనే అంటాను. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. జనవరిలో గొంతులో గడ్డ తీసేశారు, గడ్డతో పాటు మాట కూడా పోయింది. పలక తీసి రాసింది: "జూన్ 10న పరీక్ష పాఠం. అప్పటికి నాకు గొంతు కావాలి."

పలక ఉంది కదా, దానితో నడవదా అని అడగబోయి నోరు మూసుకున్నాను. దీపాలు పోతే పలక కనబడదు. నాలుగేళ్ల కిందట పక్క గ్యాలరీలో కప్పు పెళ్లలు రాలి కరెంటు పోయినప్పుడు పిల్లలు టీచర్ గొంతును పట్టుకునే బయటికి నడిచారు. పై ఎండ తట్టుకోలేక పాత బొగ్గు బాయి సొరంగాల్లో, అంటే గ్యాలరీల్లో, కాపురాలు చేసేవాళ్లకు ఇలాంటివి చెప్పనక్కర్లేదు. అప్పటినుంచి బడి కమిటీది ఒకటే మాట: చీకట్లో పిల్లల్ని గొంతుతో నడిపించలేనివాళ్లు బడిలో ఉండకూడదు. ఆ నియమాన్ని తప్పు పట్టలేను, అందుకే ఇంకా మండింది. పరీక్ష పాఠం తప్పితే టీచర్‌ని కూరల మొలకలు పెంచే షెడ్డుకు మారుస్తారు. ఇరవై రెండేళ్లు పిల్లల మధ్య బతికిన మనిషి వెళ్లి మొలకలకు ఏం చెబుతుంది?

దారి ఒకటి ఉంది. మెడ కండరాల కదలికను పట్టుకునే పట్టీ ఆసుపత్రివాళ్లు ఇచ్చారు. బడిలో ఆమె చెప్పిన పాఠాల రికార్డింగులు నాలుగువందల గంటలు ఉన్నాయి. ఆ కదలికను ఆమె పాత గొంతుగా మార్చడం ఒక గట్టి యంత్రం కూర్చుని నేర్చుకోవాలి. ఇరవై రోజులు, ఆగకుండా. నేర్చుకున్నాక జేబులో పట్టే డబ్బా చాలు. పైన నగరంలో పెద్ద యంత్రాలు లేకపోలేదు గానీ, యాభై రెండు డిగ్రీల ఎండలో నగరంతో కలిపే మా లైను ఉత్తరాలు మోయడానికే ఆపసోపాలు పడుతుంది.

యంత్రం ఆరువందల వాట్లు తింటుంది. తిన్నదంతా వేడిగా కక్కుతుంది. ఇంటికి మాకు అనుమతి వారం సగటు మీద రెండువందలు.

కడతానని చెప్పాను. చెప్పాక టీచర్ వెళ్లేదాకా ధీమాగా కూర్చుని, తర్వాత తల పట్టుకున్నాను.

మే 12

మదర్‌బోర్డు, ప్రాసెసర్ దొరికాయి. గ్రాఫిక్స్ కార్డులు రెండు. ఒకటి కొత్తది, ఒకటి పాత పంపుల ఆఫీసు నుంచి వచ్చింది, దాని ఫ్యానులో అరంగుళం బొగ్గు పొడి ఉంది. బ్రష్షుతో తుడిచేసరికి నల్లబడ్డ నా మొహం చూసి టీచర్ నవ్వుకు పలక అడ్డం పెట్టుకుంది.

చల్లబరచడానికి మూడు పద్ధతులు. ఒకటి, పెద్ద హీట్‌సింక్ పెట్టి రెండు ఫ్యాన్లు బిగించడం. తేలిక, చెడిపోదు, కానీ వేడి మొత్తం గదిలోనే పోస్తుంది. టీచర్ గది పది అడుగులు, ఇరవై రోజులంటే అనుమతి మాట అటుంచి మనిషన్నవాడు ఉండలేడు. రెండు, మొత్తం బోర్డును నూనె తొట్టిలో ముంచడం. టీచర్ పక్కింటి ఓదెలు, ఊరందరికీ కాక, పిలిచేటప్పుడు మాత్రం నాకూ టీచర్‌కూ అన్న, ఈ మాట విని, "నూనెల ఏసుడేంది బిడ్డా, మిర్చి బజ్జీలా?" అన్నాడు. అంతటితో నూనె సంగతి ముగిసింది.

మూడోది నీళ్లు. చిప్పుల మీద రాగి దిమ్మెలు, వాటిలోంచి గొట్టాలు, చిన్న పంపు. వేడెక్కిన నీళ్లు పోయి గోడకు బిగించిన రాగి పలకలో తిరిగి, చల్లబడి వస్తాయి. మా బండ ఏడాది పొడుగునా ఇరవై నాలుగు డిగ్రీలు. వేడి గాలిలోకి రానే రాదు, బండలోకి పోతుంది, అనుమతి లెక్కకే దొరకదు. ఈ ఆలోచన వచ్చినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఊళ్లో ఇంతవరకు ఎవరూ చేయలేదు.

టీచర్ రాసింది: "గోడ అవతల ఓదెలన్న ఇల్లు కదా?"

"మూరన్నర మందం బండ టీచర్. అన్నకు తెల్వనే తెల్వది. పైగా గోడల వేడి చూసే చెయ్యి పెద్ద ఆయననే కదా," అన్నాను.

మే 16

పెట్టె వెలిగింది.

కొత్త పెట్టె వెలిగించాక గోడ అవతలినుంచి చెయ్యి పెద్ద అరచెయ్యి ఆనించి "సల్లగుంది" అనాలి. తర్వాత మూడు రోజులకోసారి అనాలి. ఆ మాట మీదే పెట్టె నడుస్తుంది. ఓదెలు కాక పంతొమ్మిదేళ్లుగా ఏడో గ్యాలరీకి చెయ్యి పెద్ద. అంతకు ముందు ముప్పై ఏళ్లు బండకు డ్రిల్లు పట్టినవాడు. థర్మామీటర్ పెట్టొచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. గోడకు థర్మామీటర్ పెట్టడం అంటే పక్కింటివాడి మాట నమ్మనని మొహాన చెప్పడమే. అలా పెట్టినందుకు నాలుగో గ్యాలరీలో రెండు ఇళ్లవాళ్లు పదేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

కాక గంటసేపు గోడకు చెయ్యి ఆనించి కూర్చున్నాడు. తర్వాత వచ్చి, "సల్లగుంది, నడుపుకోర్రి," అన్నాడు. టీచర్ పొగలు కక్కే టీ తెచ్చి ఇచ్చింది. నేను స్టీలు గ్లాసును చీర చెంగుతో పట్టుకున్నాను. కాక ఉత్త చేత్తోనే పట్టుకుని తాపీగా తాగాడు. డ్రిల్లు పట్టిన చేతులు కదా, మొద్దుబారి ఉంటాయి అనుకున్నాను.

నీళ్లు ముప్పై ఒక డిగ్రీ. పంపు పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా నడుస్తోంది. గర్వంగా ఉంది, ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

మే 21

టీచర్ రోజూ మూడు గంటలు పట్టీ కట్టుకుని పెట్టె ముందు కూర్చుని, పాత పాఠాలు చూస్తూ పెదవులు కదుపుతుంది. ఈ రోజు స్పీకర్లోంచి మొదటి చప్పుడు వచ్చింది. తలుపు కీచుమన్నట్టు "ఆ" అంది. టీచర్ ఉలిక్కిపడి మెడ పట్టుకుంది. మళ్లీ కదిపింది. మళ్లీ "ఆ". వరసగా పన్నెండుసార్లు అనిపించి, తర్వాత లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. నేను గొట్టాల్లో గాలిబుడగలు చూస్తున్నట్టు నటించాను.

నీళ్లు ముప్పై నాలుగు.

మే 25

మాటలు వస్తున్నాయి. "పలక", "కూర్చోండి", "నిశ్శబ్దం". "నిశ్శబ్దం" అన్నది అచ్చం పాత టీచరే, అవతల ఆడుకుంటున్న పిల్లలు నిజంగానే మాట్లాడటం మానేశారు.

నీళ్లు ముప్పై తొమ్మిది. ఇది నాకు నచ్చలేదు. బుడగలు తీశాను, థర్మల్ పేస్టు తీసి మళ్లీ రాశాను, పంపు వేగం పెంచాను. ఏం మారలేదు. కాకను అడిగాను.

"అన్నా, మీ దిక్కు ఎట్లుంది?"

ఆయన వెళ్లి చెయ్యి ఆనించి వచ్చాడు. "సల్లగనే ఉంది బిడ్డా. నీ మీటరే తప్పు చెప్తుందేమో సూడు."

కావచ్చు అనుకుని నీళ్ల మీటరు మార్చాను. కొత్త మీటరు కూడా ముప్పై తొమ్మిదే చూపించింది. రెండు మీటర్లు ఒకటి చెబుతున్నాయి, కాక చెయ్యి ఇంకొకటి చెబుతోంది. నేను చేతినే నమ్మాను. మా ఊళ్లో పుట్టినవాళ్లు ఎవరైనా అదే చేస్తారు.

మే 28

పొద్దున నీళ్ల వరసలోకి కాక రాలేదు. టీచర్ వెళ్లి తలుపు తట్టి, తెరవకపోతే నెట్టి చూసింది. మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు, పెదవులు ఎండిపోయి, పిలిస్తే పలకకుండా. ఆమె గొంతెత్తి అరవలేని మనిషి కదా. ఇత్తడి గిన్నె తీసుకుని గ్యాలరీ పొడుగునా గోడలకు కొట్టుకుంటూ పరుగెత్తింది.

ఆసుపత్రి నర్సు వచ్చి చక్కెర చూసింది. మీటరు అందుకోలేనంత ఉంది. "ఇన్సులిన్ తీసుకుంటలేడా?" అని అడిగింది. ప్రతిరోజూ తీసుకుంటాడని అందరికీ తెలుసు. "ఎక్కడ పెడ్తడు?" అంది.

మా ఇళ్లలో మందులు, పాలు, పెరుగు అన్నీ గోడ గూట్లోనే పెడతాం. చల్లటి బండకు మించిన పెట్టె లేదని మా అమ్మమ్మల కాలం నుంచి అలవాటు. కాక గూట్లో చిన్న కుండ, అందులో మందు సీసాలు. సీసా కోసం గూట్లో చెయ్యి పెట్టాను. తీసేశాను. మళ్లీ పెట్టాను. జ్వరం కాగుతున్నవాడి నుదుటి మీద చెయ్యి పెట్టినట్టుంది.

అది టీచర్ గోడ. నేను రాగి పలక బిగించిన గోడ.

ఆ మందు ఎన్ని రోజుల కిందట పాడైందో తెలియదు. ఆయన రోజూ పొడుచుకున్నది ఉత్త నీళ్లతో సమానం. ఆయన్ను తీసుకెళ్లాక అక్కడే కూర్చున్నాను. తెలివైన పని చేశానని పన్నెండు రోజులు మురిసిపోయాను, ఆ తెలివి వెళ్లి వేడినంతా పక్కింటి మనిషి మంచం పక్కన పోసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగి టీచర్ గదికి వచ్చేసరికి పెట్టె ఆగిపోయి ఉంది. టీచరే స్విచ్చి తీసేసింది.

"పన్నెండు రోజులు అయింది టీచర్, ఇంక ఎనిమిదే," అన్నాను. ఎందుకు అన్నానో నాకే తెలియదు.

పలక మీద గట్టిగా నొక్కి రాసింది, సుద్దముక్క విరిగింది. "మనిషిని ఉడికించి తెచ్చే గొంతు నాకొద్దు."

మే 29

కాక కళ్లు తెరిచాడు. నేనూ టీచరూ వెళ్లాం. నన్ను చూడగానే ఆయనే మొదలుపెట్టాడు.

"చంద్రకళా, నీ మీద ఏస్కోకు. సల్లగుందన్నది నేను. నాకు సల్లన ఏందో కాలుడు ఏందో రెండేండ్ల సంది చేతులకు తెలుస్తలేదు. చక్కెర తిన్నది చేతుల్ని. అలవాటుగ అన్న."

"మరి ఎందుకు చెప్పలే అన్నా?" కోపంగానే అడిగాను.

ఆయన పైకప్పు వైపు చూశాడు. "చెప్తే ఇగ నేనేంది? డ్రిల్లు పాయె. మీ వదిన పాయె. ఓదెలూ, జెర వచ్చి గోడకు చెయ్యి పెట్టు అని నలుగురు పిలుస్తుండ్రి. గదొక్కటే ఉండె నాకు."

ఆ మాట విన్నాక నా కోపం ఎటు పోయిందో. టీచర్ ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. తీసుకున్న సంగతి ఆయనకు చూస్తేగానీ తెలియలేదు.

ఆయనే అడిగాడు. "పెట్టె నడుస్తుందా?"

టీచర్ తల అడ్డంగా ఊపింది.

"పరీక్ష ఎప్పుడు?"

చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని ఏదో లెక్క వేశాడు. "రేపు నన్ను గ్యాలరీకి తీస్కపోర్రి. అందర్ని పిలువుర్రి," అన్నాడు.

మే 30

నీళ్ల ట్యాంకు దగ్గర నలభై మంది కూడారు. కాకను కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఆయన చుట్టూ తిప్పి చెప్పలేదు. చేతులు ఎత్తి చూపించి, "వీటికి స్పర్శ లేదు. రెండేండ్లాయె. మీ గోడలకు నేను చెప్పినయన్నీ ఉత్తయే," అన్నాడు.

చివరి ఇంటి భూలక్ష్మి లేచింది. నిరుడు ఆమె పక్కింట్లో పెట్టె వెలిగించినప్పుడు ఉక్కపోస్తోందని మొత్తుకుంటే, సల్లగుందని కాక చెప్పాడు. "నన్ను పిచ్చిదాన్ని చేస్తిరి గదా! నా మాట కన్న నీ చెయ్యి ఎక్కువాయె!" అంది. ఎవరూ ఆమెను ఆపలేదు. కాక కూడా ఆపలేదు. "తప్పయింది చెల్లె, కాళ్లు మొక్కుత," అన్నాడు. ఆమె చాలాసేపు నిలబడి, చివరికి కూర్చుంది.

తర్వాత కాక అసలు మాట చెప్పాడు.

"చెయ్యి పోయింది గాని, నలభై తొమ్మిదేండ్లు చూసిన బండ మతిల ఉంది. ఒక్క రోజు కాలితే బండ మూడు రోజులల్ల మర్చిపోతది. పన్నెండు రోజులు కాలితే రెండు నెలలు గుర్తుంచుకుంటది. తప్పు వేడిది కాదు, ఒక్క కాడ పెట్టుడుది. పెట్టెను తిప్పుర్రి. ఒక్క ఇంట్ల ఒక్క రోజు. పొద్దుగాల మోస్కపోర్రి, ఆ రోజు ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దు, బువ్వ పక్కింట్ల తినుర్రి. వారం లెక్కకు సరిపోతది."

ఇరవై నాలుగు ఇళ్లలో ఏ గోడ ఇసుకరాయి, ఏ గోడకు నీళ్లు ఊరుతాయి, ఎవరింట్లో పసిపిల్లలు ఉన్నారు, ఎవరికి ఆయాసం, అన్నీ నోటితోనే చెప్పి ఎనిమిది ఇళ్ల వరస ఇచ్చాడు. నేను రాసుకున్నాను. మొదటి ఇల్లు ఎవరిది అనగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా ఇంటికే తేర్రి," అంది భూలక్ష్మి. "గాని థర్మామీటర్ పెడ్త. ఎవ్వల చెయ్యీ నమ్మ."

మే 31

మోయాలంటే నీళ్లు పనికిరావు. ఒక గొట్టం వదులైతే బోర్డు మొత్తం గోవిందా. పంపు తీశాను, గొట్టాలు తీశాను, గోడమీది రాగి పలక విప్పాను. దాని వెనక బండ ఇంకా కాలుతోంది. దుకాణం అటక మీద పాత హీట్‌సింక్ ఉంటే కడిగి, రెండు పెద్ద ఫ్యాన్లు బిగించాను. నేను మొదట్లో పెదవి విరిచిన పద్ధతే. ఫ్యాన్లు పిండి మర చప్పుడు చేస్తున్నాయి. చేయనీ.

పెట్టెను దుప్పటిలో పెట్టి నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని భూలక్ష్మి ఇంటికి తీసుకెళ్లారు. వెనక నేను, పెళ్లికూతురి పెట్టె మోసినట్టు మోయండని అరుస్తూ. పదకొండు గంటలకు మళ్లీ నడిచింది.

జూన్ 4

ఐదో ఇల్లు. ప్రతి ఇంట్లో థర్మామీటర్ గోడకు వేలాడుతోంది, ఎవరూ అలగలేదు. మొన్నటి ఇంట్లో గది ముప్పై ఏడుకు పోతే ఇంటాయన బనీను విప్పేసి గడప బయట కూర్చుని విసురుకుంటూ, టీచర్ పాస్ కాకపోతే తన చెమట ఎవరు తిరిగిస్తారని అడిగాడు.

దారిలో మోసేటప్పుడు రోజూ గంటన్నర పోతోంది. వేడికి కార్డులు కొంచెం మెల్లగా నడుస్తున్నాయి. ఎనిమిది రోజుల పని తొమ్మిది దాటేలా ఉంది. ఇంకో రెండు ఇళ్లు అడగాలి. అడగకముందే మూడు ఇళ్లవాళ్లు వచ్చారు.

జూన్ 9

సాయంత్రం నాలుగున్నరకు పెట్టె నేర్చుకోవడం ఆపించాను. చివరి విడత కొంచెం మిగిలింది గానీ ఇక ఆగలేం. నేర్చుకున్నదంతా జేబు డబ్బాలోకి ఎక్కించి టీచర్ నడుముకు కట్టాను. ఏదైనా మాట్లాడమన్నాను. ఆమె తల ఊపి డబ్బా ఆపేసింది. రేపు పిల్లల ముందే అని పలక మీద రాసింది. డబ్బా బ్యాటరీ రెండుసార్లు సరిచూసి పంపాను.

జూన్ 10

బడి గది. నలభై ఒక్క మంది పిల్లలు. కమిటీ నుంచి ముగ్గురు. కాక వెనక బల్ల మీద, నేను పక్కన. పాఠం భిన్నాల గురించి. మొదటి మాట కొంచెం బొంగురుగా వచ్చింది, పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. నాలుగో మాటకు టీచర్ గొంతు టీచర్ గొంతులా కుదురుకుంది. ఐదు నెలల తర్వాత ఆ గొంతు విని నా పక్కనున్న కాక ముక్కు చీదాడు.

ఇరవై నిమిషాల తర్వాత కమిటీ ఆమెకు చెప్పకుండా దీపాలు ఆర్పేసింది. బాయి చీకటి అంటే కళ్లు మూసినా తెరిచినా ఒకటే. చిన్నపిల్ల ఒకతె ఏడుపు అందుకుంది.

"ఎవరూ కదలొద్దు," అంది టీచర్. "కుడిచెయ్యి గోడకు. ఎడమచెయ్యి ముందున్నవాళ్ల భుజం మీద. వందనా, ఏడవొద్దు, నేను ఇక్కడే ఉన్నాను. నా వైపు రండి. రండి. రండి."

ఆ చీకట్లో నలభై ఒక్క జతల చెప్పుల చప్పుడు ఆ గొంతు వెంట నా ముందునుంచి సాగి, తలుపు దాటి, గ్యాలరీ మలుపు దాటి దూరమైంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో చూసేవాళ్లు లేరు, అందుకని రెండూ చేశాను.

దీపాలు వచ్చాయి. కమిటీ పెద్దావిడ కాగితం మీద సంతకం పెట్టి టీచర్ చేతికి ఇచ్చింది.

సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. కాక ఇల్లు చల్లబడేదాకా, అంటే రెండు నెలలు, ఆయన మా ముందు గదిలోనే ఉంటాడు. మందు మా గూట్లో, పక్కన థర్మామీటర్. టీచర్ ఆయన ముందు స్టూలు మీద కూర్చుంది. చాలా మెల్లగా, గుసగుసగా పెదవులు కదిపింది. డబ్బాలోంచి గ్యాలరీ అంతా దద్దరిల్లేలా వచ్చింది:

"ఓదెలన్నా! మందు వేసుకున్నావా!"

బయట ఆడుకుంటున్న పిల్లలు బిగుసుకుని నిలబడ్డారు. నాకు అప్పుడు వెలిగింది. పెట్టె నేర్చుకున్నవన్నీ బడి పాఠాలు. ఆమె మెల్లగా మాట్లాడినవి ఒక్క గంటైనా మా దగ్గర లేవు.

కాక రెండు చెవులూ మూసుకున్నాడు. "మెల్లగ బిడ్డా! పోయింది చేతులు, చెవులు కాదు!"

టీచర్ నవ్వింది. డబ్బాలోంచి ఏమీ రాలేదు. నాలుగువందల గంటల పాఠాల్లో ఆమె ఒక్కసారీ నవ్వలేదు మరి. తల వంచుకుని, భుజాలు కదిలిపోతూ, చప్పుడు లేకుండా నవ్వుతూనే ఉంది. కాకకు అది ఏడుపులా కనిపించింది. కంగారుగా ముందుకు వంగి, చెయ్యి ఎక్కడ పడుతుందో కళ్లతో చూసుకుంటూ ఆమె తల మీద పెట్టాడు. నవ్వుతోందని నేను చెప్పబోయాను. టీచర్ ఆ చేతి కింద తల కదపకుండా ఉండిపోవడం చూసి ఊరుకున్నాను.